కూలెంట్ మార్చేటప్పుడు బయటికి వచ్చినంత లోపలికి పోయిందా?

చంద్రగిరి నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆయన దగ్గర పదేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. 90,000 కిలోమీటర్లు తిరిగింది. రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల నీళ్లు డికాషన్ రంగులో కనిపించాయట. ఈ మధ్య తిరుమల ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటుతోంది. పాత కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఎరుపు రంగని ఆయనకు గుర్తు, షాపులో మాత్రం ఆకుపచ్చది చేతిలో పెట్టారు. ఇంట్లోనే మార్చుకోవచ్చా, బోరు నీళ్లు కలపవచ్చా, పోనీ వంటింట్లో ఆర్‌ఓ నీళ్లయినా పనికొస్తాయా అన్నవి ఆయన సందేహాలు.

మార్చుకోవచ్చు. పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దుటి పూట చాలు. నేను తిరుపతిలో 27 ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపాను. నా దగ్గరకు వచ్చిన బండ్లలో సగానికి సగం కొండకు తిరిగే టాక్సీలే. ఆ బండ్ల దగ్గర నేర్చుకున్నది ముందే చెప్పేస్తాను: ఈ పనికి ప్రాణం కొలత. పాతది ఎన్ని లీటర్లు బయటికి వచ్చిందో కొలవండి. కొత్తది ఎన్ని లీటర్లు లోపలికి పట్టిందో కొలవండి. ఆ రెండు అంకెలూ కలవలేదంటే తేడా ఉన్న మేరకు ఇంజన్‌లో గాలి కూర్చుని ఉంది. పాతది వదిలెయ్యడం ఎవరైనా చేస్తారు. కొత్తది నింపి, లోపలి గాలిని పూర్తిగా బయటికి రప్పించడంలోనే పనితనమంతా ఉంది.

షెడ్డు పెట్టిన కొత్తలో ఈ సంగతి నాకు తెలియదు. ఒక టాక్సీకి కూలెంట్ మార్చి, రేడియేటర్ గొంతు దాకా నిండింది కదా అని మూత బిగించి పంపేశాను. మర్నాడు పొద్దున్నే అది యాత్రికులతో కొండెక్కింది. సగం దారిలో ముల్లు పైకి లేచిందట. కాసేపటికి దానంతటదే కిందికి పడిపోయింది. డ్రైవరు పాపం, వేడి తగ్గిందనుకుని అలాగే నడిపాడు. నిజానికి జరిగింది వేరు. వేడిని చెప్పే సెన్సార్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే సరిగ్గా చెబుతుంది. చుట్టూ నీళ్లు లేక ఆవిరి, గాలి చేరితే అది చల్లగా ఉన్నట్టు చూపించవచ్చు. బండి కిందికి వచ్చేసరికి ఇంజన్ పైభాగమైన హెడ్ వంగింది, దాని కింద బిగించే హెడ్ గాస్కెట్ అనే పొర కాలిపోయింది. లేత్‌లో హెడ్‌ను చదును చేయించి, గాస్కెట్ వేసి, ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. తప్పు నాది కాబట్టి. ఆ వారంలోనే గీతలున్న ఒక లీటరు జగ్గు కొన్నాను. షెడ్డు మూసేదాకా అది లేకుండా ఒక్క రేడియేటర్ కూడా నింపలేదు. మీరు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎక్కుతూ ఉన్న ముల్లు కారణం లేకుండా ఠక్కున పడిపోతే అది మంచి కబురు కాదు. వెంటనే ఇంజన్ ఆపాలి.

ఇక నీళ్ల సంగతి. మన ఎండలకు మంచు గడ్డకట్టే బాధ లేదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కూలెంట్ చలిదేశాల కోసమే అనుకోవడం పొరపాటు. అందులో ఉండేది ఎథిలీన్ గ్లైకాల్, తుప్పును ఆపే కొన్ని రసాయనాలు, కొద్దిగా రంగు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున్న తిరుమలలో, మూత లేని గిన్నెలో అయితే 97 డిగ్రీలకే మరుగుతాయి. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే మరిగే స్థాయి 107 దగ్గరకు వెళుతుంది. దాని మీద రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒత్తిడి తోడైతే 125 డిగ్రీల దాకా మరగదు. ఏసీ వేసుకుని, అయిదుగురిని ఎక్కించుకుని, రెండో గేరులో మలుపులు తిరుగుతూ పోయే బండికి ఆ వెసులుబాటే రక్ష. అలాగని నీళ్లు కలపకుండా అచ్చం కూలెంటే పోయడం కూడా తప్పే. వేడిని మోసుకుపోయే శక్తి గ్లైకాల్ కంటే నీళ్లకే ఎక్కువ. చిక్కగా పోస్తే బండి చల్లబడుతుందన్నది భ్రమ, వేడి ఇంకా పెరుగుతుంది.

అయినా మరగడం కంటే తుప్పు గురించి నాకు ఎక్కువ దిగులు. మన దగ్గర బోరు నీళ్ల సంగతి తెలిసిందే. కొళాయి చివర తెల్లటి పొలుసు కడుతుంది, గీజరు కాయిల్ రెండేళ్లకే సున్నం పట్టి పాడవుతుంది. అదే సున్నం ఇంజన్‌లో కూడా పేరుకుంటుంది. అదీ ఎక్కడంటే, ఎక్కడ వేడి అన్నిటికంటే ఎక్కువో అక్కడే, అంటే హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ. అక్కడ సన్నటి పొర కట్టినా చాలు, లోహంలోని వేడి నీళ్లలోకి రాదు. ముల్లు మామూలుగానే ఉంటుంది, హెడ్ మాత్రం లోపల మాడుతుంటుంది. నీళ్లలోని ఉప్పు అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక కారుకు మూడేళ్ల పాటు పొలంలోని బోరు నీళ్లే పోశారు. దాని వాటర్ పంపు విప్పి చూస్తే లోపలి చక్రానికి రెక్కలు లేవు, మొదళ్లు మాత్రమే మిగిలాయి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) మీద పేరుకున్న తెల్లటి పెచ్చును వేళ్లతో నొక్కితే పాత గోడ సున్నంలా పొడి అయింది. మొగిలి ఘాట్‌లో మూడుసార్లు ఆగి వచ్చానన్నాడు ఆయన. ఆగక ఏం చేస్తుంది?

కాబట్టి బోరు నీళ్లు వద్దే వద్దు. మున్సిపాలిటీ కొళాయి నీళ్లూ వద్దు. ఆర్‌ఓ నీళ్లు దారిలో ఇబ్బంది పడినప్పుడు ఒకసారికి ఫరవాలేదు, కానీ అందులోనూ కొంత లవణం మిగులుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. పెట్రోలు బంకులోనూ, బ్యాటరీ షాపుల్లోనూ అయిదు లీటర్ల క్యాన్లు దొరుకుతాయి. మొత్తం పనిలో చవకైన వస్తువు అదే, దాని దగ్గర పొదుపు చేయకండి.

రంగు గురించి అడిగారు. రంగును నమ్మవద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నది తయారుచేసేవాళ్లు కలిపే అద్దకం మాత్రమే. ఫలానా రంగంటే ఫలానా రకం అన్న ఒప్పందమేదీ లేదు. చూడవలసింది లోపలి రసాయనం. పాత పద్ధతి కూలెంట్లలో సిలికేట్ల వంటి ఖనిజ లవణాలు ఉంటాయి. అవి లోహం మీద త్వరగా పొర కడతాయి, త్వరగానే ఖర్చయిపోతాయి, అందుకే రెండేళ్లకొకసారి మార్చమంటారు. కొత్త రకాల్లో సేంద్రియ ఆమ్లాలు ఉంటాయి, అవి అయిదేళ్ల దాకా కూడా వస్తాయి. ఈ రెండింటినీ కలిపితే ఒకదాని పనిని మరొకటి చెడగొడుతుంది, కొన్నిసార్లు జిగురుగా గడ్డలు కట్టి రేడియేటర్ సన్న గొట్టాలను మూసేస్తుంది. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం వాడాలో, మొత్తం ఎన్ని లీటర్లు పడుతుందో రెండూ ఉంటాయి. డబ్బా వెనక ఐఎస్ 5759, జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి3306 వంటి ప్రమాణాలలో పుస్తకం చెప్పినది ఉందో లేదో చూసుకోండి. షాపాయన ఇచ్చిన ఆకుపచ్చది పుస్తకానికి సరిపోతే రంగు మారినా వాడవచ్చు, కానీ పాతది పూర్తిగా కడిగేశాకే. డబ్బా మీద మరొకటి కూడా చదవాలి: అది నీళ్లు కలపవలసిన చిక్కటి రకమా, నేరుగా పోసే సిద్ధమైన రకమా అన్నది. ఈ ఒక్కటి చూసుకోకపోవడం వల్ల జరిగే నష్టం గురించి కింద చెబుతాను.

మీ డికాషన్ రంగు దగ్గరకు వస్తున్నాను. అది తుప్పు. అది కడిగితే పోయే జబ్బే. కానీ డబ్బా విప్పే ముందు మూడు పరీక్షలు చేయండి. ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసి దాని లోపలివైపు చూడండి. మజ్జిగ మీది మీగడలా తెల్లగా, గోధుమరంగుగా నురుగు పట్టి ఉందా? రేడియేటర్‌లో నీళ్ల మీద నూనె తెట్టె తేలుతోందా? ఇంకోటి, చల్లటి ఇంజన్‌ను మూత తీసి ఉంచే స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే బుడగలు ఆగకుండా వస్తూ ఉన్నాయా? వీటిలో ఏది కనిపించినా హెడ్ గాస్కెట్ అనుమానించాలి. అప్పుడు కూలెంట్ మార్చి లాభం లేదు, బండిని నడపకుండా మెకానిక్‌కు చూపించండి. ఇవేవీ లేకపోతే నిశ్చింతగా పనికి దిగండి.

రాత్రంతా ఆగి ఉన్న బండి మీదే చేయాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయడం వల్ల మొహం, చేతులు కాలినవాళ్లను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందినే చూశాను. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి నీళ్లు 100 దాటినా నీళ్లుగానే ఉంటాయి. మూత సడలగానే ఒత్తిడి పోతుంది, ఆ క్షణంలోనే ఆవిరై ఎగజిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలనుకోకండి. పై గొట్టాన్ని చేత్తో నొక్కి చూడండి. గట్టిగా, వేడిగా ఉంటే ఇంకా ఆగాలి. మెత్తగా, చల్లగా ఉంటేనే మూత మీద చెయ్యి వేయాలి. ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని బండ్లలో తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. అందుకని పాతది వదిలేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి పెట్టుకుంటే వేళ్లకు భయం ఉండదు.

కింద వెడల్పాటి టబ్బు పెట్టండి. రేడియేటర్ అడుగున ఒక పక్కకు ప్లాస్టిక్ డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. అడ్డుగా ప్లాస్టిక్ పళ్లెం ఉంటే దాని క్లిప్పులు తీయాలి. ఆ ప్లగ్ దగ్గర ఓపిక ముఖ్యం. పదేళ్ల ప్లాస్టిక్ అది, ప్లయర్‌తో పట్టి తిప్పితే తల విరిగి చేతిలోకి వస్తుంది, మెడ రేడియేటర్‌లోనే ఉండిపోతుంది. వేళ్లతో తిప్పండి, రాకపోతే మొండికేయకండి. దాని బదులు కింది గొట్టం క్లిప్పును వెనక్కి జరిపి, గొట్టాన్ని మెల్లగా మెలితిప్పి ఊడదీస్తే అదే పని జరుగుతుంది, కాకపోతే కాస్త ఎక్కువ చిందుతుంది. ప్లగ్ వదిలాక పై మూత తీయండి. అంతవరకూ సన్నగా కారుతున్నది ఒక్కసారిగా ధార కడుతుంది. హీటరు మీటను పూర్తి వేడి వైపు తిప్పి ఉంచండి, చాలా బండ్లలో అప్పుడే హీటరు గొట్టాల్లోది కూడా కదులుతుంది. పక్కనున్న రిజర్వ్ బాటిల్ కూడా ఊడదీసి ఖాళీ చేసి, పాలసీసా కడిగే బ్రష్‌తో లోపల తోమండి. అడుగున బురద పేరుకుని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే కొత్త కూలెంట్ చల్లబడినప్పుడల్లా ఆ బురదే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది.

ఇప్పుడు జగ్గుతో కొలవండి. ఉదాహరణకు పుస్తకం ప్రకారం మీ బండికి 4.5 లీటర్లు పడుతుందనుకుందాం. టబ్బులోకి వచ్చింది 3 లీటర్లు. మిగతా లీటరున్నర ఎక్కడికీ పోలేదు, ఇంజన్ దిమ్మెలోనూ హీటరులోనూ ఉంది. ఈ రెండు అంకెలూ గోడ మీదో కాగితం మీదో రాసి పెట్టుకోండి.

మీది తుప్పు పట్టిన నీరు కాబట్టి కడగాలి. ప్లగ్ బిగించి, డిస్టిల్డ్ వాటర్ నింపి, మూత పెట్టి, బ్యాటరీ తీగ తిరిగి తగిలించి, హీటరు వేడి మీద ఉంచి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగేదాకా ఇంజన్ నడపండి. థర్మోస్టాట్ 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటే గానీ రేడియేటర్ నీళ్లు ఇంజన్‌లోకి పూర్తిగా తిరగవు. చల్లటి ఇంజన్‌లో నీళ్లు పోసి వదిలేస్తే కడిగినట్టు కాదు. తరవాత ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వాలి. తొందరపడి వేడి ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు. చల్లారాక వదలండి, రంగు చూడండి. డికాషన్ పల్చటి టీ అవుతుంది, ఆ తరవాత కలకండ నీళ్లలా తేటపడుతుంది. రెండు మూడు విడతలు పట్టవచ్చు, అంటే మొత్తం పని రెండు రోజులకు పాకవచ్చు. పాకనివ్వండి. నీళ్లు ఎక్కువ కావాలి కదా అని మొదటి విడతలకు కొళాయి నీళ్లు వాడేవాళ్లున్నారు. మన నీళ్లతో నేను ఆ పని చేయను. ఘాటైన ఆమ్లపు క్లీనర్లు కూడా పాత రేడియేటర్‌కు వద్దు. తుప్పే కొన్నిచోట్ల కన్నాలను మూసి ఉంచుతుంది, అది కరిగితే కారడం మొదలవుతుంది.

ఇదిగో, చిక్కటి రకం, సిద్ధమైన రకం అన్న సంగతి ఇక్కడే పట్టించుకోవాలి. కడగడం పూర్తయి ఆఖరి నీళ్లు వదిలినా, ఆ లీటరున్నర నీరు ఇంజన్‌లోనే ఉంది. ఇప్పుడు మీరు సగం సగం కలిపిన సిద్ధమైన కూలెంట్ 3 లీటర్లు పోస్తే అందులో గ్లైకాల్ లీటరున్నరే. మొత్తం 4.5 లీటర్లలో అది మూడో వంతు. మీరు 50 శాతం పోశానని అనుకుంటారు, లోపల ఉన్నది 33 శాతం. మన వాతావరణానికి దానితో బండి ఆగిపోదు గానీ, తుప్పును ఆపే మందు కూడా అదే లెక్కలో పల్చబడింది. అందుకే కడిగిన బండికి చిక్కటి రకం కొనమంటాను. 4.5 లీటర్లలో సగం 2.25 లీటర్లు. ముందు ఆ 2.25 లీటర్ల చిక్కటి కూలెంట్ పోసేయండి, ఆ తరవాత మిగిలిన చోటంతా డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. లోపలి నీళ్లతో కలిసి సరిగ్గా సగం సగం అవుతుంది. కడగనవసరం లేని బండికి, అదే రకం కూలెంట్ మళ్లీ పోసేవాళ్లకు, సిద్ధమైన రకమే సుఖం. కొన్ని డబ్బాల మీద ఒక పాలుకు మూడు పాళ్ల నీళ్లు అని రాసి ఉంటుంది, వాటికి డబ్బా చెప్పిన లెక్కే పాటించండి, నా సగం సగం లెక్క కాదు.

నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తుగా ఉంటే మేలు. మన ఇళ్లకు వీధి నుంచి గేటు లోపలికి ఏటవాలు ర్యాంపు ఉంటుంది కదా, ముందు చక్రాలు దాని మీదకు ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. అప్పుడు రేడియేటర్ గొంతు అన్నిటికంటే ఎత్తులోకి వస్తుంది, గాలికి బయటికి దారి దొరుకుతుంది. సన్నటి ధారగా పోయండి. ఒకేసారి గుమ్మరిస్తే గాలి కింద చిక్కుకుంటుంది. మధ్యమధ్య ఆగి పై గొట్టాన్ని ఆవు పొదుగు పిండినట్టు నొక్కి వదలండి. గుడగుడమంటూ బుడగలు వస్తాయి, మట్టం కిందికి దిగుతుంది, మళ్లీ పోయండి. కొన్ని ఇంజన్లకు థర్మోస్టాట్ దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. అది ఉంటే కాస్త వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా ఉంచి బిగించాలి.

ఊడదీసిన బ్యాటరీ తీగ తిరిగి పెట్టి, గొంతులో బిగుతుగా పట్టే గరాటు ఉంచి, అందులో కొద్దిగా కూలెంట్ నిలబెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఏసీ ఆపండి. హీటరు వేడి మీద, కారు లోపలి ఫ్యాను ఒకటిలో. మొహం గరాటు మీదకు వంచకండి, థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఒక్కసారిగా పొంగవచ్చు. అయిదారు నిమిషాల పాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తరవాత ఒక్కో పెద్ద బుడగ పైకి వచ్చి పగులుతుంది, మట్టం గభాలున దిగుతుంది. అది చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది, ఎందుకంటే హెడ్‌ను వంచగల గాలి అలా బయటపడిపోయింది. రేడియేటర్ పై, కింది గొట్టాల్లో అంతదాకా చల్లగా ఉన్నది కూడా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టే. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక, బుడగలు పూర్తిగా ఆగాక, ఇంజన్ ఆపి, చల్లారాక గరాటు తీసి నింపి మూత బిగించండి. కారు లోపల హీటరు గాలి వేడిగా వస్తోందో లేదో తప్పకుండా చూడండి. ఇంజన్ వేడెక్కినా హీటరు గాలి చల్లగా వస్తుంటే లోపల ఎక్కడో గాలి ఆగి ఉంది.

ఇప్పుడు కాగితం తీయండి. ఆఖరి విడతలో బయటికి వచ్చిన నీళ్లు 3 లీటర్లు. లోపలికి పోసిన కూలెంట్, నీళ్లు కలిపి 3 లీటర్లకు పదీ ఇరవై మిల్లీలీటర్లు అటూ ఇటూ అయితే హాయిగా ఉండండి. 2.5 దగ్గరే ఆగిపోయి రేడియేటర్ నిండుగా కనిపిస్తుంటే మాత్రం మళ్లీ వేడిచేసి, గొట్టం పిండి, గాలి తీయాలి. ఆ అర లీటరు లోపలికి పోయేదాకా ఘాట్ ఎక్కవద్దు.

రేడియేటర్ మీద మూత లేకుండా ఒత్తిడి పట్టే పెద్ద బాటిలే ఉన్న బండ్లకు ఆ బాటిల్లోనే గీత దాకా పోయాలి, మిగతా లెక్కంతా ఇదే. కొన్ని డీజిల్ బండ్లకు గాలిని యంత్రంతో లాగి నింపమని కంపెనీ పుస్తకమే చెబుతుంది. బ్యాటరీ కార్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం వేరు. ఆ రెండూ ఇంట్లో పెట్టుకోవద్దు.

కూలెంట్ మార్చినప్పుడు మూత కూడా మార్చడం మంచిది. దాన్ని తిప్పి చూస్తే రెండు వాల్వులు ఉంటాయి. స్ప్రింగుతో ఉన్న పెద్ద రబ్బరు వాషరు ఒత్తిడి పట్టి ఉంచుతుంది. మధ్యలో ఉన్న చిన్న బిళ్ల, ఇంజన్ చల్లబడినప్పుడు రిజర్వ్ బాటిల్ నుంచి ద్రవాన్ని వెనక్కి రానిస్తుంది. గోటితో ఆ బిళ్లను లాగి వదిలితే టక్కున మూసుకోవాలి. అది పట్టేసిన బండ్లలో చల్లారాక పై గొట్టం చప్పిడైపోయి ఉంటుంది. రబ్బరు బీటలు వారితే ఒత్తిడి నిలవదు, అప్పుడు కూలెంట్ ఎంత మంచిదైనా ఘాట్‌లో ముందే మరుగుతుంది. పాత మూత మీద ఎంత ఒత్తిడి అంకె ఉందో అదే అంకె ఉన్నది కొనండి. ఎక్కువది పెడితే పాత గొట్టాలు ఓర్చుకోలేవు.

మీ ముల్లు సగం దాటుతోందని ఎవరికైనా చూపిస్తే, థర్మోస్టాట్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. మన వైపు చాలా షెడ్లలో ఇది అలవాటు. దయచేసి ఒప్పుకోకండి. థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కవలసినంత వేడెక్కదు. కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పంపుతుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ త్వరగా చెడి లోపలి భాగాలు అరుగుతాయి. అనుమానం ఉంటే దాన్ని విప్పి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీయండి, నీళ్లు మరిగేలోపు నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయండి. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడవద్దు.

ఇప్పటిదాకా చెప్పినదంతా బండి కోసం. టబ్బులోని పాత కూలెంట్ గురించి చెప్పేది ఇంట్లోవాళ్ల కోసం, వీధిలోని మూగజీవాల కోసం. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్క, పిల్లి, వీధిలో తిరిగే ఆవు, దాహం మీద ఏదైనా మూతి పెడుతుంది. కొద్దిగా తాగినా మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకుని చనిపోతాయి. పెద్ద మనిషికి కూడా చిక్కటి కూలెంట్ 100 మిల్లీలీటర్లు ప్రాణాంతకం కావచ్చు. మా వీధిలో ఎవరో గట్టు మీద వదిలేసిన టబ్బులో తాగి ఒక కుక్కపిల్ల మూడో రోజు పోయింది. అప్పటి నుంచి టబ్బు నిండగానే మూత ఉన్న క్యాన్‌లోకి వంచేవాణ్ణి. నీళ్ల సీసాలోనూ కూల్‌డ్రింక్ సీసాలోనూ మాత్రం ఎప్పుడూ పోయకండి, పిల్లలు షర్బత్ అనుకుంటారు. క్యాన్ మీద పెద్ద అక్షరాలతో విషం అని రాయండి. ఎవరైనా పొరపాటున తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఏం తాగారో చెప్పాలి, ఆ డబ్బా కూడా చూపించాలి. ఈ విషానికి విరుగుడు ఉంది, ఆలస్యమైతే పనిచేయదు. కాలువలో వంచడం కూడా తగదు. మన కాలువలు చివరికి స్వర్ణముఖిలోకే చేరతాయి. పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే సర్వీసు కేంద్రంలో అడిగి అప్పజెప్పండి. నేల మీద చిందినదాన్ని ఇసుక చల్లి ఎత్తి, ఆ చోటు నీళ్లతో కడగండి.

మొదటి వారం ప్రతి పొద్దునా, బండి తీయకముందే, రిజర్వ్ బాటిల్ చూడండి. మట్టం ఉన్నచోట చిన్న టేపు ముక్క అతికించుకుంటే కంటికి సులువు. మొదటి రెండు రోజులు వేలెడు తగ్గడం మామూలే, మిగిలిన గాలి బుడగ బయటికి వచ్చి ఉంటుంది, పై గీతకూ కింది గీతకూ మధ్యకు నింపండి. మూడో రోజు తరవాత కూడా తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. డ్రెయిన్ ప్లగ్ రబ్బరు, కింది గొట్టం క్లిప్పు, వాటర్ పంపు కింద రంగు చార ఉందేమో టార్చితో వెతకండి.

తిరుమలకు మాత్రం నేరుగా వెళ్లకండి. ముందు చంద్రగిరి నుంచి భాకరాపేట ఘాట్ దాకా ఒక చుట్టు వేసి రండి, మర్నాడు మట్టం చూసుకుని ఆ తరవాత అలిపిరి దాటండి. ఎక్కేటప్పుడు ముల్లు మళ్లీ సగం దాటితే ఏసీ ఆపి, హీటరు పూర్తి వేడి మీద, ఫ్యాను పూర్తిగా పెట్టి, అద్దాలు దించండి. ఉక్కపోస్తుంది గానీ హీటరు ఒక చిన్న రేడియేటర్ లాంటిదే, ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. అయినా తగ్గకపోతే వెడల్పు ఉన్నచోట పక్కకు ఆపి ఇంజన్ ఆపేయండి. బానెట్ ఎత్తి ఉంచి ముప్పావు గంట కూర్చోండి, మూత జోలికి పోవద్దు, రేడియేటర్ మీద నీళ్లు చల్లవద్దు. కొత్త కూలెంట్, కొత్త మూత వేసి, కొలతలు కలిశాక కూడా ఇలా జరిగిందంటే అది కూలెంట్ లోపం కాదు. రేడియేటర్ లోపల సగం గొట్టాలు మూసుకుపోయి ఉండవచ్చు, ఫ్యాను వేగం తగ్గి ఉండవచ్చు, పంపు రెక్కలు అరిగి ఉండవచ్చు. ఆ మూడూ ఆ వరసలోనే చూపించండి. చూపించేటప్పుడు మీ కొలతల కాగితం కూడా మెకానిక్ చేతిలో పెట్టండి, ఆయనకు సగం పని తగ్గుతుంది.